నూటికి ముగ్గురు

మా అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. 2025 జనవరిలో నేనూ మా ఆవిడా న్యూజెర్సీలో దిగిన మర్నాడు, నిద్రపట్టక తెల్లవారుజామున కాఫీకి పాలు వెతుక్కుంటూ వెళ్తే కనబడింది. ఎడమవైపు పద్నాలుగు పేర్లు. ఒక్కోదానికి ఎదురుగా ఒక అంకె, పక్కన పర్సెంటు గుర్తు. పైన ఉన్నవాటికి ఎర్రరంగు, మధ్యవాటికి పసుపు, అడుగున ఉన్న మూడింటికి ఆకుపచ్చ. చూడ్డానికి అచ్చం షుగర్ పేషెంటు ఏది తినొచ్చో, ఏది తినకూడదో రాసుకున్న పట్టీలా ఉంది.

"అవి కాలేజీలు తాతయ్యా" అంది మా మనవరాలు. పన్నెండో తరగతి చదువుతోంది. "ఆ నంబరేమో అక్సెప్టెన్స్ రేట్. హండ్రెడ్ మంది అప్లై చేస్తే ఎంతమందిని తీసుకుంటారో."

ఎర్రవి 'రీచ్' అట. అంటే అందితే అందినట్టు, లేకపోతే లేదు. పసుపువి 'టార్గెట్'. ఆకుపచ్చవి 'సేఫ్టీ'. ఎక్కడా రాకపోతే తలదాచుకునేవి. ఈ ఆఖరి మాట చెప్పేటప్పుడు దాని గొంతు కాస్త తగ్గింది, ఇంట్లో చుట్టాలముందు అనకూడని మాటేదో అన్నట్టు.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు గుంటూరు జిల్లాలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి 2010లో రిటైరైనవాణ్ని. భిన్నం కనబడితే ముందు హారం ఎంతో చూడటం నా వృత్తి అంటించిన జబ్బు. లవం మారకుండా హారం పెరిగితే విలువ తగ్గుతుంది. ఇది హైస్కూలు లెక్క. అమెరికాలో కాలేజీల పరువంతా ఈ హైస్కూలు లెక్క మీద నిలబడి ఉందని అర్థం కావడానికి నాకు రెండు వారాలు పట్టింది.

హార్వర్డ్ సంగతే చూడండి. 2020లో అక్కడ చేరడానికి 40,248 మంది దరఖాస్తు చేస్తే 1,980 మందికి సీటిచ్చారు. నూటికి దాదాపు ఐదుగురు. ఆ తర్వాతి ఏడు కోవిడ్ కాబట్టి ఎస్‌ఏటీ మార్కులు పంపకపోయినా ఫర్వాలేదన్నారు. దరఖాస్తులు 57,435కి పెరిగాయి. సీటిచ్చింది 1,968 మందికి. రేటు 3.4కి దిగింది. ఆ ఒక్క ఏడాదిలో అక్కడ పాఠాలేమీ మారలేదు, ప్రయోగశాలలేమీ పెరగలేదు. గుమ్మం బయట నిలబడ్డవాళ్లు పదిహేడు వేలమంది ఎక్కువయ్యారు, అంతే. కానీ ఫ్రిజ్ తలుపుల మీద అంకె మారిపోయింది.

షికాగో యూనివర్సిటీది ఇంకా విచిత్రం. 2006 ప్రాంతంలో అది దరఖాస్తు పెట్టినవాళ్లలో నూటికి దాదాపు నలభై మందిని తీసుకునేది. అప్పటికే అది ప్రపంచంలో పేరుమోసిన విశ్వవిద్యాలయం, నోబెల్ బహుమతులకి లెక్కలేదు. ఇప్పుడు నూటికి దాదాపు ఐదుగురినే తీసుకుంటోంది. ఈ ఇరవై ఏళ్లలో అక్కడ చదువు ఎనిమిది రెట్లు బాగుపడిందా? అంతకుముందు నలభైలో ఒకరుగా చేరి చదువుకున్నవాళ్లు తక్కువవాళ్లా?

మన పెళ్లి సంబంధాల్లో ఈ లెక్క ఎప్పుడో ఉంది. ఎన్ని సంబంధాలు తిరగ్గొడితే పెళ్లికొడుకు ధర అంత పెరుగుతుంది. "వాళ్లు మొన్న ఏలూరు సంబంధం కూడా కాదన్నారట" అంటే చాలు, మూడో వీధిలో వాడికి కట్నం అంకె మారుతుంది. కుర్రాడి బుద్ధులేమిటో ఎవరూ అడగరు.

ఈ హారం పెరగడానికి ఏర్పాట్లు కూడా బాగానే ఉన్నాయి. 1975లో పదిహేను కాలేజీలు కలిసి కామన్ అప్లికేషన్ అని ఒకటి పెట్టుకున్నాయి. ఇప్పుడందులో వెయ్యికి పైగా కాలేజీలున్నాయి. వివరాలు ఒకసారి నింపితే ఇరవై కాలేజీలదాకా పంపొచ్చు. ఒక్కోదానికి డెబ్బై, ఎనభై డాలర్ల ఫీజు, విడిగా మరికొన్ని వ్యాసాలు, అంతే. ఎస్‌ఏటీ పరీక్ష పెట్టే కాలేజీ బోర్డు పిల్లల పేర్లనీ చిరునామాలనీ కాలేజీలకి డబ్బుకి ఇస్తుంది. దాంతో రంగురంగుల పుస్తకాలు ఇంటికి వచ్చి పడతాయి. మా మనవరాలికి వచ్చినవి గరాజ్‌లో రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. "నీలాంటివాళ్ల కోసమే ఎదురుచూస్తున్నాం" అన్న ధోరణిలో ఉన్నాయి అన్నీ. ఎదురుచూసేది చేర్చుకోవడానికో, కాదనడానికో అందులో రాయరు.

యూఎస్ న్యూస్ అనే పత్రిక 1983 నుంచి కాలేజీలకి ర్యాంకులిస్తోంది. దాని లెక్కలో ఈ రేటుకి ఉన్న వాటా పిసరంత. 2018లో ఆ పిసరు కూడా తీసేసింది. అదే ఏడు స్టాన్‌ఫర్డ్ తన అంకెల్ని చాటింపు వెయ్యడం మానుకుంటామంది. కొలంబియాలోనైతే మైకేల్ థాడియస్ అనే లెక్కల ప్రొఫెసరు, 2022లో తన సొంత యూనివర్సిటీ ర్యాంకుల కోసం పంపిన వివరాలే సరిగా లేవని లెక్కగట్టి మరీ చూపించాడు. ఆ ఏడు కొలంబియా రెండో ర్యాంకు నుంచి పద్దెనిమిదికి జారింది. (ఆ మాస్టారికి ఇక్కణ్నుంచే ఒక నమస్కారం.) ఇంత జరిగినా తల్లిదండ్రుల నోట మాత్రం అదే రేటు. కాలేజీలు చెప్పకపోతే వాళ్లే భాగహారాలు చేసుకుని వాట్సాప్‌లో పంచుకుంటారు.

మనం మాత్రం తక్కువ తిన్నామా! "హార్వర్డ్ కంటే ఐఐటీ కష్టం" అనే సందేశం నాకు ఏటా నాలుగు వైపుల నుంచి వస్తుంది. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షలు, ఐఐటీల్లో సీట్లు 17,740. నూటికి ఒకటి పైచిలుకు. ఆ మాట పంపేవాళ్లకి అదొక తృప్తి. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐఐటీకి తర్ఫీదు ఇచ్చిన రోజుల్లో, ఆయన దగ్గర చేరడానికే ఒక ప్రవేశ పరీక్ష ఉండేది. ఆ పరీక్షకి తయారు చేయడానికి వేరే ట్యూషన్లు వెలిశాయి. గుమ్మానికి ముందు గుమ్మం కట్టడంలో మనల్ని మించినవాళ్లు లేరు. ఫలితాలు వచ్చిన రాత్రి టీవీలో ఒకటి, రెండు, మూడు అంటూ ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదివే గొంతు మీ చెవుల్లో ఇంకా మోగుతూనే ఉండాలి. ఆ కాలేజీలో చేరి ర్యాంకు రాని పిల్లలు ఎంతమందో, అంటే హారం ఎంతో, ఆ గొంతు ఏనాడూ చదవలేదు.

తేడా ఎక్కడంటే, మన దగ్గర ర్యాంకు ఒక్కటే చూస్తారు. అక్కడ మనిషి మొత్తాన్ని చూస్తామంటారు. మార్కులు, టీచర్ల ఉత్తరాలు, బడి బయట చేసిన పనులు పదింటిదాకా, ఆరువందల యాభై మాటలకి మించకుండా ఒక సొంత వ్యాసం. ఆ వ్యాసం కోసం మా అల్లుడు ఒక సలహాదారుణ్ని పెట్టాడు. గంటకి ఆయన తీసుకునేది నేను రిటైరయ్యేనాటికి అందుకున్న నెల జీతంలో సగం. మా మనవరాలు ముందు నా మీద రాసిందట. వేసవి సెలవుల్లో గుంటూరు వచ్చినప్పుడు డాబా మీద పడుకోబెట్టి నక్షత్రాలు చూపించడం, సైకిలు చక్రంతో గైరోస్కోపు చేయడం, అవీ. సలహాదారు చదివి, "బాగుంది గానీ, ఇండియా తాతయ్యల మీద వ్యాసాలు ఇప్పటికే చాలా వస్తున్నాయి" అన్నాడట. దాంతో నన్ను తీసేసి, లైబ్రరీలో చిన్నపిల్లలకి పుస్తకాలు చదివి వినిపించడం మీద రాసింది. నేనేమీ అనుకోలేదు. మా ఆవిడ మాత్రం ఆ సలహాదారు పేరు ఎత్తితే ఇప్పటికీ మూతి తిప్పుతుంది.

మనిషి మొత్తాన్ని చూస్తామనే ఆ మాటకి లోగుట్టు ఏమిటో కోర్టులో కొంత బయటపడింది. హార్వర్డ్ మీద 2014లో వేసిన దావా విచారణలో కొన్ని లెక్కలు బయటికొచ్చాయి. తల్లో తండ్రో అక్కడ చదివిన పిల్లల్లో నూటికి ముప్ఫై మూడు మందికి పైగా సీటు వచ్చింది, మిగతావాళ్లలో ఆరుగురికి. ఆసియా కుటుంబాల పిల్లలకి మార్కులు బాగున్నా, వ్యక్తిత్వానికి వేసే గ్రేడు తక్కువ పడుతోందని దావా వేసినవాళ్ల తరఫు నిపుణుడు చూపించాడు. హార్వర్డ్ కాదంది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు జాతిని బట్టి సీట్లు ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. తెలుగువాళ్ల పాట్‌లక్ భోజనాల్లో ఆ తీర్పు మీద చాలా ఆశలు పెట్టుకున్నారని మా అమ్మాయి చెప్పింది. అమ్మానాన్నల కాలేజీ అనే వారసత్వాన్ని ఆ తీర్పు కొట్టెయ్యలేదు. మనవాళ్లకి ఇంకా ఆ వారసత్వం తయారవ్వాలి కదా!

సరే, మార్చి 27 గురువారం. ఐవీ లీగ్ అనే ఎనిమిది కాలేజీలు తమ నిర్ణయాలన్నీ ఒకే సాయంత్రం ఏడు గంటలకి విడుదల చేస్తాయి. (ఐవీ లీగ్ అంటే అసలు ఆటల పోటీల కోసం 1954లో కట్టుకున్న జట్టు. పేరు చదువుకి అంటుకుంది.) మా మనవరాలు వాటిలో నాలుగింటికి పెట్టింది. ఆరున్నరకే మా ఆవిడ దేవుడి దగ్గర దీపం వెలిగించింది. అల్లుడు ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాడు. అమ్మాయి ఫోను కెమెరా తెరిచి పట్టుకుంది, పిల్ల సంతోషంతో అరిచే క్షణం తీద్దామని. అక్కడ అందరూ అలాగే తీస్తారట. మా మనవరాలు తలెత్తకుండానే "అమ్మా, ప్లీజ్, అది ఆపు" అంది.

ఏడుంపావుకల్లా అయిపోయింది. మూడు కాదన్నాయి. ఒకటి వెయిట్‌లిస్ట్‌లో పెట్టింది. నేను దాని భుజం మీద నుంచి ఆ ఉత్తరాలు చదివాను. ఎంత మర్యాదగా రాస్తారంటే, మూడో వాక్యం దాకా సీటు రాలేదని తెలియదు. ఎంతోమంది అర్హులున్నారు, మాకు చోటు చాలదు, నీకు మంచి భవిష్యత్తు ఉంది. ఎందుకు కాదన్నారో మాత్రం ఒక్క మాట లేదు.

అది ల్యాప్‌టాప్ మూసి పైకి వెళ్లిపోయింది. అల్లుడు భోజనం చెయ్యలేదు. ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ తియ్యలేదు. రాత్రి తొమ్మిదింటికి మా అమ్మాయి నెమ్మదిగా చెప్పింది, వెనకవీధి వాళ్లబ్బాయికి రెండింట్లో వచ్చిందని. వెంటనే అల్లుడు, "వాళ్లకేం, వాళ్లు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తిచెయ్యనందుకు అతనంటే నాకు గౌరవం పెరిగింది.

పది దాటాక మజ్జిగ గ్లాసు పట్టుకుని నేను పైకి వెళ్లాను. మేలుకునే ఉంది. చెప్పాల్సినవి రెండు మూడు దారిలో కూర్చుకున్నాను. ఐన్‌స్టీన్ అంతటివాడు 1895లో జూరిక్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష తప్పాడనీ, సత్య నాదెళ్ల ఐఐటీ పరీక్ష తప్పానని తనే పుస్తకంలో రాసుకున్నాడనీ. నాదెళ్ల పేరు ఎత్తేలోపే చెయ్యెత్తి ఆపింది. "తాతయ్యా, ఆయన గురించి నాన్న ఆల్రెడీ చెప్పారు." దాని మాటా నిజమే. పరీక్ష తప్పిన ప్రతి తెలుగు పిల్లకీ ఆయన పేరు చెబుతున్నాం. తప్పినవాళ్లు లక్షల్లో ఉంటారు, మైక్రోసాఫ్ట్‌కి అధిపతి ఒక్కడే. ఆ భిన్నం ఐఐటీ కంటే ఘోరం.

కాసేపయ్యాక అదే అంది. "మీ దగ్గరైతే ఎగ్జామ్‌లో మార్కులు తక్కువొచ్చాయంటారు. అంతేగా? వీళ్లు నా ఎస్సే చదివారు, నేనేంటో చదివారు, మా టీచర్లు నా గురించి ఏమనుకుంటున్నారో చదివారు. అంతా చదివి వద్దన్నారు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే కాదు, చాలా రోజులు ఆలోచించాను. నా సర్వీసులో ర్యాంకు రాక ఏడ్చిన పిల్లల్ని వందలమందిని చూశాను. బోర్డు మీద నంబరు లేదని తెలిసి గోడకి చేరబడిపోయినవాళ్లని, ఇంటికి వెళ్లడానికి భయపడి నా స్టాఫ్‌రూమ్ దగ్గరే చీకటి పడేదాకా కూర్చున్నవాళ్లని. వాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ ఒక మాట ఉండేది: ఆ మూడు గంటలు నీవి కావురా, అంతే. పరీక్ష గుడ్డిది. అది నిన్ను చూడలేదు. ఆ గుడ్డితనంలో ఒక దయ ఉందని అరవై ఏళ్లు దాటాక, అమెరికాలో, కళ్లున్న పద్ధతి చేసిన గాయం చూశాక తెలిసింది.

నిజానికి ఆ కళ్లు కూడా ఎంతసేపు చూశాయిట? కొన్ని పేరున్న యూనివర్సిటీల్లో ఇద్దరు కలిసి కూర్చుని ఒక్కో ఫైలు పది నిమిషాల లోపే ముగిస్తున్నారని 2018లో అక్కడి పత్రికల్లో వచ్చింది. యాభై వేల ఫైళ్లుంటే ఇంకేం చేస్తారు పాపం! మర్నాడు ఆ సంగతి దానికి చెప్పాను. "పది నిమిషాల్లో నేను ఒక విద్యార్థి రికార్డు పుస్తకం కూడా దిద్దలేను. నువ్వేంటో వాళ్లెలా చదువుతారే?" అన్నాను. నవ్వలేదు గానీ, ఆ పూట అన్నం తింది.

మన పద్ధతే మంచిదని నేననను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పేపర్లు చూసిన ఏ లెక్చరరూ మన పద్ధతిని పొగడలేడు. అక్కడా అంతా బాగున్నట్టు కాదు. మా అమ్మాయి వాళ్లకి దగ్గర్లోనే వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో అని ఒక బడుల జిల్లా ఉంది, ఆసియా కుటుంబాలే ఎక్కువ. 2015లో అక్కడి సూపరింటెండెంట్ తల్లిదండ్రులకి పదహారు పేజీల ఉత్తరం రాశాడు. అంతకుముందు ఏడాదిలో 120 మంది పిల్లల్ని మానసిక వైద్య పరీక్షకి పంపాల్సి వచ్చిందనీ, నలభై మంది ఆస్పత్రిలో చేరారనీ. హైస్కూల్లో మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు ఎత్తేశారు. దాన్ని సమర్థించినవాళ్లూ, పిల్లల చదువు పలచబడుతోందని గొడవ చేసినవాళ్లూ రెండు వర్గాలుగా చీలిపోయారట. ఆ రెండో వర్గంలో మనవాళ్లు ఎక్కువమందే ఉండుంటారని వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఏప్రిల్ అంతా ఇంట్లో డబ్బు లెక్కలు. మే 1లోపు ఎక్కడ చేరేదీ చెప్పాలి. మిగిలినవి రెండు. ఒకటి బాగా పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ, ఫ్రిజ్ మీద 11 అంకె ఉన్నది. ఏడాదికి ఖర్చులన్నీ కలిపి తొంభై వేల డాలర్లు. ఇద్దరు ఐటీ జీతగాళ్లున్న ఇంటికి సాయం ఏమీ రాదు. నాలుగేళ్లకి 3,60,000. మన డబ్బుల్లో మూడు కోట్ల పైమాట. రెండోది రట్గర్స్, న్యూజెర్సీ రాష్ట్ర యూనివర్సిటీ. ఆకుపచ్చ రంగు. నూటికి అరవై ప్రాంతం. ఖర్చు సగం కంటే తక్కువ. పైగా ఆనర్స్ కాలేజీకి పిలిచారు.

అల్లుడు వరంగల్ ఆర్‌ఈసీ. ఆ పేరు తనని మొదటి ఉద్యోగం గుమ్మందాకా తీసుకెళ్లిందంటాడు. "అప్పు చేద్దాం మావయ్యగారూ. పేరు జీవితాంతం ఉంటుంది" అన్నాడు. మా అమ్మాయి 1995లో ఎంసెట్ రాసింది. కౌన్సెలింగ్‌లో మా వంతు వచ్చేసరికి పేరున్న కాలేజీలన్నీ నిండిపోయాయి. అప్పుడే కొత్తగా పెట్టిన, హాస్టల్‌కి తలుపులు కూడా సరిగా లేని ఒక కాలేజీలో సీటొచ్చింది. "నా కాలేజీ పేరు ఈ దేశంలో ఎవరూ నన్ను ఇంతవరకూ అడగలేదు" అంటుంది. ఇద్దరూ ఇవాళ ఒకే రకం ఉద్యోగం, ఒకే ఇంటి వాయిదాలు. కానీ ఎవరి అనుభవం వాళ్లకి వేదం.

అమ్మాయి ఎక్కడెక్కడివో అధ్యయనాలు చదివి వినిపించేది. స్టేసీ డేల్, ఆలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించినదాంట్లో ఒక సంగతి ఉంది. ఒకే రకం కాలేజీలకి అప్లై చేసి, ఒకే రకం కాలేజీల్లో సీటు తెచ్చుకున్న పిల్లల్లో, పెద్దపేరు కాలేజీలో చేరినవాళ్లకీ చేరనివాళ్లకీ తర్వాత సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా లేదట. పేదింటి పిల్లలకి మాత్రం పెద్ద కాలేజీ బాగా కలిసొచ్చింది. అల్లుడు ఊరుకుంటాడా? 2023లో రాజ్ చెట్టి బృందం చేసింది తీశాడు. సగటు జీతంలో పెద్ద తేడా లేకపోయినా, నూటికి ఒక్కరుగా ఉండే మహా సంపన్నుల్లో చేరే అవకాశం ఆ పెద్ద కాలేజీల వల్ల దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుందని. "అదీ సంగతి" అన్నాడు. "మన పిల్ల ఆ నూటికి ఒక్కరిలో చేరాలని ఎప్పుడైనా అందా?" అంది అమ్మాయి. ఆ పిల్ల పక్కగదిలోనే ఉంది. ఇద్దరూ అడగలేదు.

ఒక ఆదివారం నేనే అడిగాను, నన్ను రట్గర్స్ చూపించమని. అది కొత్తగా కారు నడపడం నేర్చుకుంది. మా ఆవిడ వెనకసీట్లో ఆంజనేయ దండకం చదువుకుంటూ కూర్చుంది. నాకు చూడాల్సిన భవనం ఒకటుంది. మార్టిన్ హాల్ అంటారు, వ్యవసాయ విభాగం వైపు. ఎర్ర ఇటుకల మామూలు కట్టడం. ఆదివారం కదా, తాళం వేసి ఉంది.

బయట మెట్ల మీద కూర్చుని చెప్పాను. మా పెదనాన్న 1941లో క్షయతో పోయాడు. ఇరవై ఆరేళ్లు. అప్పటికి దానికి మందు లేదు. మంచిగాలి, కోడిగుడ్లు, దేవుడు. 1957లో మా నాన్నకి అదే వచ్చింది. నాకు అయిదేళ్లు. కాంపౌండరు రోజూ పొద్దున్నే వచ్చి వంటింటి పొయ్యి మీద సూది మరగబెట్టడం, ఆ స్పిరిట్ వాసన, అమ్మ నన్ను గడప దాటి లోపలికి రానివ్వకపోవడం గుర్తున్నాయి. నెలల తరబడి ఇంజెక్షన్లు. మందు గుణం వల్ల ఆయనకి చెవులు మందగించాయి. ఆ తర్వాత మేం ఆయనతో ఎప్పుడూ గట్టిగా అరిచే మాట్లాడాం. కానీ 1989 దాకా బతికాడు. నన్ను చదివించాడు. మీ అమ్మని ఎత్తుకు తిప్పాడు.

ఆ మందు పేరు స్ట్రెప్టోమైసిన్. 1943 అక్టోబరులో ఈ కాలేజీలోనే, బేస్‌మెంట్ ల్యాబులో ఆల్బర్ట్ షాట్జ్ అనే ఇరవై మూడేళ్ల పరిశోధక విద్యార్థి దాన్ని పట్టుకున్నాడు. వ్యవసాయం చేసుకుందామని మట్టి గురించి చదవడానికి వచ్చిన పేద రైతు కొడుకు. ఎరువు వేసిన పొలం మట్టిలోంచి, ఒక కోడి గొంతులోంచి తీసిన సూక్ష్మజీవులవి. అతని గురువు సెల్మన్ వాక్స్‌మన్. ఆయనా వలస వచ్చినవాడే, ఇక్కడే చదువుకున్నవాడే. 1952లో నోబెల్ ఆయన ఒక్కడికే ఇచ్చారు. షాట్జ్ తన వాటా కోసం అంతకుముందే కోర్టుకెక్కి, తనూ కనిపెట్టినవాడినేనని ఒప్పించుకున్నాడు. అది వేరే రామాయణం.

మనవరాలు ఆ తాళం వైపు చూస్తూ విన్నది. జాలిపడుతుందేమో, ఓదార్పు అనుకుని విసుక్కుంటుందేమో అనుకున్నాను. రెండూ కాదు. "మరి ఇదంతా టూర్‌లో ఎందుకు చెప్పలేదు? వాళ్లు డైనింగ్ హాల్ గురించి ట్వంటీ మినిట్స్ చెప్పారు!" అంది కోపంగా. తర్వాత, "కోడి గొంతులోంచా? నిజంగానా?" అని, ఫోను తీసి అక్కడే మెట్ల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. చలిగా ఉంది, పోదామని మా ఆవిడ రెండుసార్లు అన్నా లేవలేదు.

ఇదంతా విని అల్లుడు, "ఎనభై ఏళ్లనాటి మందుని చూసి ఇవాళ కాలేజీ ఎంచుకుంటామా మావయ్యగారూ?" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. హార్వర్డ్ పేరు పెట్టుకుని మూడున్నర శాతాన్ని చూసి ఎంచుకోవడంలో ఉన్నంత న్యాయమే.

ఏప్రిల్ 29 రాత్రి మనవరాలు తనే కిందకి దిగి వచ్చి చెప్పింది, రట్గర్స్‌లో చేరతానని. మైక్రోబయాలజీ కాదు, ఆశపడకండి తాతయ్యా, ఎకనామిక్స్ అంది. వెయిట్‌లిస్ట్‌లో పెట్టిన కాలేజీ నుంచి, ఇంకా వేచి ఉంటావా అని అడుగుతూ ఒక ఫారం వచ్చి ఉంది. మా అందరి ముందే తెరిచి 'నో' అని నొక్కింది. వేలు మాత్రం ఒక్క క్షణం ఆగింది, నేను చూశాను. వీళ్లు పెట్టుకున్న లెక్కలన్నింటిలో ఈ 'నో' ఏ గడిలో పడుతుందా అని నాకు సందేహం వచ్చింది. ఏ గడిలోనూ పడదు. సీటు ఇచ్చాక రానివాళ్లకి ఒక అంకె ఉంది గానీ, ఇవ్వకముందే వద్దన్నవాళ్లకి లేదు.

అల్లుడు ఏమీ అనలేదు. లేచి ఫోను పట్టుకుని డెక్ మీదకి వెళ్లాడు. నెల రోజులుగా ఎత్తని ఫోన్లలో ఒకదానికి తిరిగి చేస్తున్నట్టున్నాడు, అద్దాల తలుపు సగం తెరిచే ఉంది. "ఆ, డిసైడ్ అయిపోయిందండీ. రట్గర్స్" అన్నాడు. కాస్త ఆగి, "ఆనర్స్. ఆనర్స్ కాలేజీ" అన్నాడు. రెండోసారి కొంచెం గట్టిగా.